తెల్లగా తీసే ఫోన్

మే 19, ఆదివారం

అమ్మ ఈ ఏడు కూడా ఘటం ఎత్తింది. వద్దని నేను చెప్పాను, అరుణ చెప్పింది. వినే రకమైతే ఆవిడ అప్పలకొండమ్మ ఎందుకవుతుంది? మిట్టమధ్యాహ్నం, తారు కరిగి చెప్పులకి అంటుకుంటున్న రోడ్డు మీద, నెత్తిన పసుపు కుండ పెట్టుకుని వట్టి కాళ్ళతో అమ్మోరి పందిరి దాకా నడిచింది. మిగతా ఆడవాళ్ళు కాళ్ళు కాలి గంతులేస్తూ నీడ పట్టుకుని వెళ్తుంటే ఈవిడ మాత్రం రోడ్డు మధ్యలో, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచింది.

"నాకు సుర్రుమని కూడా అన్నేదు. అమ్మోరు నా కాళ్ళ కింద సెయ్యేసి నడిపించింది" అని సాయంత్రం ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది. ఈ బెంగాలీ వాళ్ళ ఊళ్ళో, ఏక్‌బాల్‌పూర్ పేటలో మన శ్రీకాకుళం వాళ్ళకి ఇంతకంటే మహిమ ఏం కావాలి? అందరూ వంగి దండాలు పెట్టారు.

వాళ్ళు వెళ్ళాక అరుణ కాళ్ళు కడుగుతుంటే కుడి అరికాల్లో, బొటనవేలి కింద, కోడిగుడ్డంత బొబ్బ కనిపించింది. అమ్మకి అది ఉన్నట్టే తెలీదు. పదిహేనేళ్ళ షుగరు. కాళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయని నాకు తెలుసు, అరుణకి తెలుసు. అమ్మోరికి తెలుసో లేదో.

మే 25

బొబ్బ చితికి పుండయింది. బొటనవేలి కొస నల్లబడింది. ఇవాళ షాపు మానేసి అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కుర్ర డాక్టరు చూసి బెంగాలీలో నెమ్మదిగా, మర్యాదగానే చెప్పాడు. వేలు తీసెయ్యాలట. ఈ వారంలోనే తీసెయ్యాలట. ఆలస్యమైతే నలుపు పాదం మీదికి పాకుతుందట. నేను దాన్ని తెలుగులో చెప్పేలోపే అమ్మ మంచం దిగిపోయింది. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి బెంగాలీ రాదంటుంది గాని, కోత మాట, 'కేటే' అన్న ముక్క మాత్రం ఎంత దూరం నుంచైనా వినబడుతుంది ఆవిడకి.

నాన్నకీ ముందు వేలే అన్నారు. ఓడల డాక్‌లో పనిచేస్తుంటే రేకు గీరుకున్న వేలు. తర్వాత పాదమన్నారు, ఆ తర్వాత మోకాలి కింద దాకా అన్నారు. కాలు పోయాక ఆయన వారం కూడా బతకలేదు.

ఆటోలో నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది. "కోతగాళ్ళకి నన్నప్పగించనని సెప్పు. సెప్పరా. నాను రెండు కాళ్ళతోటే పోతాను."

చెప్పాను. అరుణ అటు తిరిగి కూర్చుంది.

మే 26

టెక్కలికి ఫోన్ చేశాను. మృత్యుంజయ డాక్టరు గారు నాన్నతో కలిసి చదువుకున్న మనిషి. అమ్మ నమ్మే డాక్టరు ఈ భూమ్మీద ఆయనొక్కరే. "కళ్ళతో చూడకుండా వైద్యం చెయ్యకూడదు ప్రసన్నా, అక్కడే చూపించు" అన్నారు. బతిమాలాను. సిగ్గులేకుండా ఏడ్చాను కూడా. చివరికి దిగొచ్చారు.

మందులు చెప్పారు. అరుణ రోజూ కట్టు మార్చాలి, మార్చేటప్పుడు నేను ఫోటో తీసి పంపాలి. "నలుపు వేలి మొదలు దగ్గరే ఆగితే ప్రయత్నిద్దాం. అది దాటి పాదం మీదికొచ్చిందా, నన్ను అడగొద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు."

సరేనన్నాను. అమ్మ చెయ్యెత్తి ఫోన్‌కి దండం పెట్టింది.

మే 27

రోజంతా ఫోన్లమ్మి బతికేవాడిని. నా ఫోన్ కెమెరా అద్దం పగిలి ఏడాది దాటింది. దాంతో తీస్తే ఎవరైనా సాలెగూట్లో పడ్డట్టుంటారు. అందుకని ఇవాళ అమ్మ పాటల డబ్బాతో తీశాను. ఎప్పుడో మా ఖిదిర్‌పూర్ మార్కెట్లోనే రెండు వేలకి కొన్న ప్లేయరు అది. బుర్రకథలూ భజనలూ నింపి ఇచ్చాను. దాని వెనక కూడా ఒక కెమెరా ఉంది. కంపెనీవాడు ఏదో మొక్కుబడికి పెట్టినట్టున్నాడు, ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు.

డబ్బాలోని కార్డు తీసి నా ఫోన్లో వేసి పంపాను. డాక్టరు గారు వెంటనే ఫోన్ చేశారు. "ఇది పాదమా, తారు రోడ్డా? మసకమసగ్గా ఉంది. ఫోన్ల షాపులో పనిచేస్తూ ఒక మంచి కెమెరా దొరకలేదా నీకు?"

మే 28

"దాదా, కోన్‌టార్ క్యామెరా భాలో?" దేని కెమెరా బాగుంటుందని ఇన్నేళ్ళుగా ఎంతమంది అడిగారో! ధర చూడకుండా ఆ ప్రశ్న అడిగేవాడు లేడు, ధర విన్నాక ముఖం మారనివాడు లేడు. ఇవాళ మొదటిసారి నాకోసం నేను అడుక్కున్నాను.

షాపు యజమాని నౌషాద్ భాయ్ మంచివాడు. "అమ్మ కోసం కదా, తీసుకెళ్ళి చూసుకో" అని చూపించడానికి పెట్టిన ఫోన్లు మూడు ఇచ్చాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, కట్టు విప్పించి మూడింటితోనూ, డబ్బాతోనూ తీశాను.

ఎనిమిది వేల ఫోన్: గంజిలో ముంచి తీసినట్టుంది. పనికిరాదు.

పద్నాలుగు వేల ఫోన్: శుభ్రంగా ఉంది. కట్టు నూలు పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. పాదం గులాబీ రంగులో ఉంది. వేలి కొస మాత్రం కొంచెం కమిలినట్టుంది.

డెబ్భై వేల ఫోన్: ఇదీ శుభ్రంగా ఉంది. వేలి కొస నలుపు, నలుపు చుట్టూ నేరేడు పండు రంగు. ఆ రంగు వేలి మొదలు దాకా ఉంది.

డబ్బా: మసక. కాని నేరేడు రంగు ఇందులోనూ ఉంది.

అన్నిటికంటే చవకదీ అన్నిటికంటే ఖరీదైనదీ ఒకే మాట చెప్తున్నాయి. డబ్బా మాట వదిలెయ్యొచ్చు, దాని కెమెరాకి కళ్ళు ఎక్కడున్నాయి? డెబ్భై వేలది నేను కొనగలిగింది కాదు. ఒక రోజు దాంతో తీసి, మర్నాటి నుంచి వేరేదాంతో తీస్తే డాక్టరు గారు నిన్నటికీ ఇవాళ్టికీ ఎలా పోల్చుకుంటారు? వైద్యానికి నిలకడ ముఖ్యం. ధరకి ధర, కెమెరాకి కెమెరా, పద్నాలుగు వేలదే సరైనది. నౌషాద్ భాయ్ కొన్న ధరకే ఇచ్చాడు. నా పాత ఫోన్ అరుణకి ఇచ్చేశాను.

మే 29

డాక్టరు గారి జవాబు: "ఇప్పుడు తెలుస్తోంది. నేననుకున్నంత లేదు. రంగు బాగుంది. అదే మందు కొనసాగించండి."

అమ్మకి ఫోటో చూపించాను. మోకాళ్ళు వంగవు కదా, తన అరికాలు తను చూసుకుని ఎన్నాళ్ళయిందో. తెర దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఓలమ్మో, ఇది నా కాలేటి! పెల్లికూతురు కాల్లాగుంది. సూడవే అరుణా, మీ మావ ఉంటే మురిసిపోయీవోడు." ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ తింది.

అరుణ ఫోటో చూడకుండా కంచం తీసుకెళ్ళిపోయింది.

మే 30

రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఈ ఫోన్ మనుషుల చర్మాన్ని తెల్లగా చేస్తుంది. అది నాకు తెలియని విషయం కాదు, అమ్మేదే ఆ మాట చెప్పి. "దీదీ, ఈ ఫోన్‌తో తీసుకుంటే పౌడర్ ఖర్చు మిగుల్తుంది" అంటాను. నవ్వుకుంటూ కొనుక్కుంటారు. పైన పటారం, లోన లొటారం. కాని ఎవరి సరదా వాళ్ళది.

సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ మెరుగులన్నీ ఆపేశాను. ఆపినా దానంతటది కొంచెం చేస్తుంది. అది కంపెనీవాడు పెట్టింది. నేనేం చెయ్యను?

జూన్ 1

తగ్గుతోంది.

జూన్ 2

తగ్గుతోంది. అమ్మ నొప్పి లేదంటోంది.

జూన్ 3

అరుణతో గొడవ. పొద్దున్న నేను ఫోటో తీస్తుంటే, "ఒక్కసారి ఆ ఫోన్లోంచి తల తీసి ఇటు చూడండి" అంది.

"చూస్తూనే ఉన్నానుగా."

"ఏటి చూస్తన్నారు? కట్టు కట్టేది నేను. రోజూ చూసేది నేను. మీరు తెర చూస్తన్నారు."

ఎవరో ఒకరు ఫోటో సరిగా తియ్యాలి కదా. అదన్నాను. అరుణ తన చెయ్యి తీసుకొచ్చి అమ్మ పాదం పక్కన పెట్టింది. "తియ్యండి. మీ ఫోన్‌తో ఒకటి, ఆ డబ్బాతో ఒకటి." తీశాను. డబ్బాలో అరుణ చెయ్యి అరుణ చెయ్యిలాగే ఉంది, మసగ్గా ఉన్నా చామనఛాయే. ఫోన్లో అది ఎవరో జమీందారు గారి అమ్మాయి చెయ్యి.

"నా చెయ్యి నాకు తెలుసు. అంట్లు తోమి తోమి ఎలాగుంటాదో తెలుసు. ఇది నా చెయ్యి కాదు" అంది.

"అందంగా పడ్డావు, సంతోషించక" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది.

వాళ్ళ నాన్న టికియాపారాలో రైల్వే ఉద్యోగి. ఆ ఇంట్లో ఒంట్లో బాగోకపోతే రైల్వే ఆస్పత్రికి వెళ్ళడమే తెలుసు. ఆస్పత్రి నుంచి మనిషి రాకపోతే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. నాన్నని తెల్ల గుడ్డలో చుట్టి ఇచ్చినప్పుడు ఒకవైపు గుడ్డ ఖాళీగా వేలాడింది. ఆ ఖాళీని పట్టుకుని మోసింది నేను. అరుణకి ఆ సంగతి చెప్పలేదు.

జూన్ 5

ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చింది. వాన మొదలైతే ఇంతే, డ్రైన్ల నుంచి వచ్చేస్తాయి.

జూన్ 6

ఎలుక కోసం బీరువా జరిపాను. బియ్యం డబ్బాలు దింపాను. వంటింటి గట్టు కింద చూశాను. లేదు. అమ్మ మంచం కిందా చూశాను, అక్కడా లేదు. అక్కడే వాసన ఎక్కువగా ఉంది. అరుణ గుమ్మంలో నిలబడి నేను వెతకడం చూసింది. "దొరికిందేటండీ?" అని అడిగింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్న వాడిని చూసినట్టు చూసింది.

ఫినాయిల్ కొనుక్కొచ్చాను.

జూన్ 7

అమ్మకి జ్వరం. వణుకు. పొద్దున ఫోటో పంపి జ్వరం సంగతి చెప్పాను. డాక్టరు గారు ఫోటోని చాలాసేపు చూశారట. "పుండు చూస్తే జ్వరం రావాల్సినంత లేదు ప్రసన్నా. మీ దగ్గర వానలు మొదలయ్యాయి కదా, మలేరియా, డెంగీ పరీక్షలు చేయించు. పుండు సంగతి నేను చూసుకుంటాను."

పుండు సంగతి ఆయన చూసుకుంటారట. నేను పంపింది చూసి.

జూన్ 8

రక్తం ఇచ్చొచ్చాం. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. మలేరియా లేదు, డెంగీ లేదు. ల్యాబ్ మెట్ల మీద నిలబడి రెండోదైనా ఉంటే బాగుండునని అనుకున్నాను. అవును, అనుకున్నాను. సొంత తల్లికి డెంగీ ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఎక్కడికొచ్చానో చూడు.

ఇవాళ కట్టు విప్పినప్పుడు తెర పక్కనుంచి చూశాను. కావాలని చూడలేదు, అమ్మ కాలు కదిపితే ఫోన్ జారింది. నలుపు వేలి మొదలు దాటింది. దాటడం కాదు, పాదం సగం దాకా వచ్చేసింది. మడమ వైపు ఎర్రటి గీత ఒకటి పోతోంది. మళ్ళీ ఫోన్ ఎత్తుకున్నాను. తెరలో కాస్త కమిలిన పాదం. మొదటి ఫోటో అలికినట్టొచ్చింది, మళ్ళీ తీశాను. కుదురుగా వచ్చినదాన్ని పంపాను.

ఎందుకు పంపాను? నాకే అర్థం కావట్లేదు. పంపకపోతే ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి. చెప్తే పన్నెండు రోజులుగా చెప్పనిది కూడా చెప్పాలి. ఆస్పత్రి, కోత, తెల్ల గుడ్డ. అమ్మ నెత్తిన పెట్టిన చెయ్యి ఇదే. నాకు భయంగా ఉంది. నాకు చాలా భయంగా ఉంది. దేవుడా, అమ్మోరూ, ఎవరో ఒకరు నా బదులు చెప్పండి.

రేపు చెప్తాను.

జూన్ 9, ఆదివారం

ఆదివారం కదా, డాక్టరు గారిని ఇబ్బంది పెట్టడం బాగోదు. రేపు తప్పకుండా.

అమ్మకి మాటలు తడబడుతున్నాయి. నన్ను రెండుసార్లు నాన్న పేరుతో పిలిచింది. మధ్యలో తెలివొచ్చి, "ఫొటో సూపించరా" అంది. చూపించాను. "మరింకేటి, బాగానే ఉంది కదా. జొరం అదే ఎల్లిపోద్ది" అని నాకే ధైర్యం చెప్పి పడుకుంది.

జూన్ 10

మధ్యాహ్నం షాపులో ఉన్నాను. ఒక బెంగాలీ జంట వచ్చారు. పాప పుట్టిందట, ఫోటోలకి మంచి కెమెరా కావాలట. నా పద్నాలుగు వేల మోడల్‌ని, దాని పైదాన్ని పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను. ఆమె అడిగింది, "దాదా, కోన్‌టార్ క్యామెరా భాలో?" అప్పుడే ఫోన్ మోగింది. మృత్యుంజయ గారు.

"ప్రసన్నా, ఒక్క ప్రశ్న. మీ ఆవిడ నాకిప్పుడు ఫోటోలు పంపింది. పాత ప్లేయరుతో ఈ వారమంతా తీసినవట. నువ్వు పంపినవీ ఇవీ ఎదురుగా పెట్టుకున్నాను. ఇద్దరు మనుషుల పాదాల్లా ఉన్నాయి. ఇందులో ఏది నిజం?"

అరుణ రోజూ నేను షాపుకొచ్చాక మళ్ళీ కట్టు విప్పి తీసిందన్నమాట.

ఆ జంట నా వైపు చూస్తున్నారు. నౌషాద్ భాయ్ చూస్తున్నాడు. రెండు ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని, భుజానికీ చెవికీ మధ్య నా ఫోన్ ఇరికించుకుని నిలబడ్డాను.

"ప్రసన్నా, ఏది నిజం? నీకు తెలుసా?"

"డబ్బాది" అన్నాను. "డబ్బాదే నిజం. నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. "నీకు చెప్పాల్సింది నేను తర్వాత చెప్తాను. నేను చేసిన తప్పు కూడా ఉంది, చూడకుండా ఒప్పుకోవడం నాదే బుద్ధితక్కువ. ముందు ఆవిణ్ణి తీసుకెళ్ళు. ఈ క్షణమే" అన్నారు.

నౌషాద్ భాయ్ నా చేతుల్లోంచి ఫోన్లు తీసుకున్నాడు. "వెళ్ళు, నేను చూసుకుంటా" అన్నాడు. పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి అరుణ ఆటోని గుమ్మం ముందు పెట్టించి, అమ్మకి చీర మార్చి, దుప్పటి చుట్టి సిద్ధంగా ఉంచింది. "కాళ్ళ వైపు మీరు పట్టుకోండి" అంది, అంతే.

జూన్ 11

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున జరిగింది ఇది.

పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసింది. చీము చీలమండ దాకా వెళ్ళిపోయింది. వేలూ పాదమూ కాదు, మోకాలి కింద దాకా తీసెయ్యాలి, ఇవాళే తీసెయ్యాలి, లేకపోతే రక్తం అంతా విషమైపోతుంది, మనిషి దక్కదు అంది. రాత్రంతా సెలైన్ ఎక్కించాక అమ్మకి కాస్త తెలివొచ్చింది. ఈసారి ఆవిడ మంచం దిగలేదు, కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు డాక్టరమ్మకి నచ్చజెప్పబోయింది.

"నీకు తెల్డమ్మా. నా కాలు మానిపోతంది. మా గుంటడు రోజూ పొటోలు తీస్తన్నాడు, పెద్ద కెమేరా ఫోను. ఒరే ప్రసన్నా, సూపించరా ఈమెకి. సూపిస్తే ఈమే ఒగ్గేస్తాది."

ఫోన్ తియ్యక తప్పలేదు. డాక్టరమ్మ తెర చూసింది. మంచం మీద పాదం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఫోన్ తిరిగిచ్చి, పేషంట్ ఒప్పుకోకపోతే తను ముట్టుకోలేనని, త్వరగా తేల్చుకోమని చెప్పి పక్క మంచానికి వెళ్ళింది.

మంచం పక్కన కింద కూర్చున్నాను. "అమ్మా, ఫోటో అబద్ధం. ఆ ఫోన్ నలుపుని తెల్లగా చేస్తుంది. నాకు తెలుసు. తెలిసే నీకు చూపించాను, తెలిసే టెక్కలికి పంపాను."

నమ్మలేదు. నా తల్లి నన్ను నమ్మలేదు. "నీకేటైంది? ఈల్లు నీకేటి మందెట్టేసినారు? నిన్నటిదాకా బాగుందన్నావు, ఇప్పుడు కోయించెయ్యమంటన్నావు. నా కాలు నాను సూసుకున్నాను, నా కళ్ళతో సూసుకున్నాను. నీ మాట నాకెందుకు?" అని మొహం తిప్పేసుకుంది. "ఒట్టేసినావు కదరా" అంది గోడకేసి.

ఎంత చెప్పినా అంతే. కాళ్ళు పట్టుకున్నాను. లెంపలేసుకున్నాను. నేను నిజం చెప్తున్నకొద్దీ ఆవిడకి నా మీద అనుమానం పెరిగింది. కళ్ళు మళ్ళీ మూతలు పడుతున్నాయి. డాక్టరమ్మ అటునుంచి గడియారం చూసుకుంటోంది. అమ్మ చచ్చిపోతుంది, నేను తీసిన ఫోటోని నమ్ముకుని చచ్చిపోతుంది అని నాకు అర్థమైపోయింది. ఏం చెయ్యాలో తోచక తల గోడకేసి కొట్టుకున్నాను.

అరుణ పక్క మంచం ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆవిడ బొట్టు పెట్టుకునే చిన్న అద్దం అడిగి తెచ్చింది. నా చేతికిచ్చింది. "ఇందులో ఏ మాయా లేదు. పట్టుకోండి" అంది. నర్సు కట్టు విప్పింది. అరుణ అమ్మ మడమ కింద చెయ్యేసి కాలు పైకెత్తింది. నేను అద్దం పెట్టాలి. ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ముందు నేను చూడాలి. చూశాను. ఇన్నాళ్ళకి సరిగ్గా చూశాను.

"అమ్మా, ఇటు చూడు."

చూసింది. రెప్ప వెయ్యకుండా చూసింది. "ఇదెవల్దిరా?" అంది.

"నీదే అమ్మా."

వేళ్ళు కదపడానికి ప్రయత్నించింది. చిటికెన వేలు కొంచెం కదిలింది, అద్దంలో కూడా కదిలింది. అప్పుడు నమ్మింది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. కాసేపటికి, "అరుణా, యేలిముద్దర ఎక్కడెయ్యాలో సెప్పు" అంది. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. అరుణే వేలు పట్టి వేయించింది.

లోపలికి తీసుకెళ్ళారు. తలుపు పడింది. ఇంకా ఎవరూ బయటికి రాలేదు.

జూన్ 12

బతికింది.

నిన్న సాయంత్రం మమ్మల్ని లోపలికి పంపారు. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అరుణ దూదితో తడిపింది. కళ్ళు తెరిచి పైకప్పు చూసింది, ఫ్యాన్ చూసింది, మమ్మల్ని చూసింది. నేను ముందుకి వంగి, "అమ్మా, అంతా బాగానే జరిగింది. విషమంతా పోయింది. ఇంక భయం లేదు, డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. ప్రతి ముక్కా నిజమే. డాక్టరమ్మ అలాగే చెప్పింది.

అమ్మ నా మాట విన్నది. విని, నెమ్మదిగా తల అరుణ వైపు తిప్పింది.

"ఆడు సెప్తంది నిజమేనేటే?" అంది.

అరుణ "నిజమే అత్తా" అంది. అప్పుడు కళ్ళు మూసుకుంది.